పాత యూనిక్స్ సెక్యూరిటీ లోపాలు: సెమినార్‌కి ఏవి చెప్పాలి?

సెమినార్_టెన్షన్: ఎం.టెక్ సెమినార్‌కి ఈ టాపిక్ ఇచ్చారు. మోరిస్ వర్మ్ (1988లో నెట్‌వర్క్‌లో తనంతట తానే పాకిన ప్రోగ్రామ్) అందరూ చెప్పేదే. అది కాకుండా సెట్‌యూఐడీ (ఎవరు నడిపినా ప్రోగ్రామ్ దాని యజమాని హక్కులతో నడవడం), పాస్‌వర్డ్ ఫైల్ గురించి చెప్తారా? అప్పటి సిస్టమ్‌ని ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో నడిపి చూపించొచ్చా? బుధవారమే ప్రజెంటేషన్.

పాత_టెర్మినల్: పాస్‌వర్డ్ ఫైల్ అంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది తమ్ముడూ. 90ల్లో మా కాలేజీ ల్యాబ్‌లో పన్నెండు అక్షరాల పాస్‌వర్డ్ పెట్టుకుని ధీమాగా ఉన్నాను. మొదటి ఎనిమిదీ మా ఊరి పేరు, చివరి నాలుగూ అంకెలూ గుర్తులూ. పాస్‌వర్డ్‌ని గిలకొట్టి దాచే క్రిప్ట్ మొదటి ఎనిమిదే చూస్తుందని ఎవరూ చెప్పలేదు. ఆ ఫైల్‌ని ఎవరైనా చదవొచ్చు కదా, పక్క బ్యాచ్ వాడు ఫ్లాపీలో ఎక్కించుకెళ్లి, ఊళ్ల పేర్లన్నీ పెట్టి పోల్చి చూశాడు. తెల్లారేసరికి నా ప్రాజెక్ట్ డైరెక్టరీ ఖాళీ.

విశాఖ_అడ్మిన్: ఊరి పేరు పెట్టడం మీ తప్పండీ, క్రిప్ట్‌ది కాదు. 1979లో రాబర్ట్ మోరిస్ (వర్మ్ రాసినాయన తండ్రి), యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ కలిసి రాసిన పేపర్ చదవండి. 3,289 పాస్‌వర్డ్‌లు తీసుకుంటే 2,831 ఇట్టే దొరికిపోయేవే. 86 శాతం!

పాత_టెర్మినల్: పన్నెండు కొట్టనిచ్చి ఎనిమిదే చూడటం కూడా నా తప్పేనా? ఒక్క హెచ్చరిక చూపించి ఉంటే నా ఆరు నెలల పని మిగిలేది.

విశాఖ_అడ్మిన్: కోప్పడకండి. క్రిప్ట్ వాడే డీఈఎస్ అనే గుప్తలిపి పద్ధతిలో కీ 56 బిట్లు. అక్షరానికి ఏడు బిట్ల లెక్కన ఎనిమిది అక్షరాలకే చోటు. తొమ్మిదోది ఎక్కడ పెట్టాలి? ఊహించేవాడికి ఆలస్యం కావాలని 25 సార్లు తిప్పారు, 12 బిట్ల సాల్ట్ (ఒక్కో పాస్‌వర్డ్‌కి చేర్చే యాదృచ్ఛిక బిట్లు) కలిపారు. ఆ రోజులకి అది చాలా ముందుచూపు.

గోదారి_గట్టు: కెన్ థాంప్సన్ సొంత పాస్‌వర్డ్ కూడా ఎనిమిది అక్షరాలే. పాత బీఎస్‌డీ (బర్క్‌లీ యూనిక్స్) ఫైల్‌లో ఉన్న దాని హాష్‌ని (క్రిప్ట్ గిలకొట్టిన రూపాన్ని) 2019లో గానీ విప్పలేకపోయారు. చూస్తే చదరంగం ఎత్తు! మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు జరపడం.

పాత_టెర్మినల్: ఆయన కెన్ థాంప్సన్. నేను సెకండియర్ కుర్రాణ్ణి.

సీ_ప్రాణం: ఎంతసేపూ పాస్‌వర్డేనా? అసలు ద్రోహి సీ భాషలో ఇన్‌పుట్ చదివే గెట్స్ ఫంక్షన్. ఎన్ని బైట్లు వస్తున్నాయో చూసుకోదు. ఎవరు లాగిన్ అయ్యారో చెప్పే ఫింగర్‌డీ సర్వీసులో బఫర్ (వచ్చింది పెట్టుకునే చోటు) 512 బైట్లు, వర్మ్ పంపింది 536. దాంతో 1988 నవంబర్ 2 రాత్రి వ్యాక్స్‌లూ సన్ మెషీన్లూ చాలా పడిపోయాయి.

రూట్_ప్రాంప్ట్: తప్పు. ఫింగర్‌డీ దెబ్బ వ్యాక్స్ మీదే పనిచేసింది. సన్ మీద కోర్ డంప్ (క్రాష్) అయిందంతే. సన్‌లోకి వెళ్లింది మెయిల్ ప్రోగ్రామ్ సెండ్‌మెయిల్ డీబగ్ దారిలో, ఆర్ఎస్‌హెచ్ నమ్మకాల (పాస్‌వర్డ్ అడక్కుండా పక్క మెషీన్‌ని రానిచ్చే) దారిలో.

సీ_ప్రాణం: పడ్డాయా లేదా? దారి ఏదైతేనేం?

రూట్_ప్రాంప్ట్: సెమినార్‌లో అలా చెప్తే కుర్రాడికి మార్కులు పోతాయి, అందుకే అంటున్నా. ఇరవై ఏళ్లు సోలారిస్, హెచ్‌పీ-యూఎక్స్ యూనిక్స్‌లు నడిపినవాణ్ణి. బాబూ, నువ్వు ఎంకేడిర్ (డైరెక్టరీ చేసే కమాండ్) చెప్పు. యూనిక్స్ వెర్షన్ 7లో డైరెక్టరీ చేయడానికి సిస్టమ్ కాల్ (కెర్నల్‌ని నేరుగా అడిగే దారి) లేదు. ఎంకేడిర్ అనే ప్రోగ్రామే సెట్‌యూఐడీ వల్ల రూట్ (సర్వాధికారి) హక్కులతో నడిచేది. ముందు ఎంకేనాడ్ కాల్‌తో డైరెక్టరీ చేస్తుంది, తర్వాత యజమానిని మార్చే చౌన్‌తో నీ పేరు మీదకి మారుస్తుంది. ఆ రెంటి మధ్య కన్నుమూసి తెరిచేంత సందు. ఆ సందులో డైరెక్టరీ తీసేసి, అదే పేరుతో పాస్‌వర్డ్ ఫైల్‌కి లింక్ పెడితే, చౌన్ వచ్చి పాస్‌వర్డ్ ఫైల్‌నే నీ చేతిలో పెడుతుంది. ప్రాధాన్యం తగ్గించే నైస్ కమాండ్‌తో ఎంకేడిర్‌ని నెమ్మదిగా నడిపిస్తే సందు ఇంకా పెద్దదవుతుంది. 4.2 బీఎస్‌డీలో ఎంకేడిర్‌ని సిస్టమ్ కాల్‌గా మార్చాకే అక్కడ ఆ గొడవ తీరింది.

గోదారి_గట్టు: ఐఎఫ్ఎస్ (కమాండ్‌ని ఏ గుర్తు దగ్గర ముక్కలు చేయాలో షెల్‌కి చెప్పే వేరియబుల్) కూడా చేర్చండి. వీఐ ఎడిటర్ క్రాష్ అయితే ఫైల్ దాచిపెట్టే ప్రిజర్వ్ ప్రోగ్రామ్, రూట్ హక్కులతో స్లాష్ బిన్ స్లాష్ మెయిల్‌ని పిలిచేది. ఐఎఫ్ఎస్‌లో స్లాష్ పెడితే షెల్ దాన్ని ముక్కలు చేసి, బిన్ అనే ప్రోగ్రామ్ కోసం వెతికేది. ఆ పేరుతో మనది ఒకటి సిద్ధంగా ఉంచితే చాలు.

విశాఖ_అడ్మిన్: పాత_టెర్మినల్ గారూ, ఇందాక కటువుగా అన్నాను, ఏమీ అనుకోకండి. బ్యాకప్ టేప్ ఉండేది కాదా?

పాత_టెర్మినల్: టేప్ డ్రైవ్ ఉండేది. టేపులే కొనలేదు.

సెమినార్_టెన్షన్: ల్యాప్‌టాప్ సంగతి ఎవరూ చెప్పలేదు, నేనే వెతికాను. సిమ్‌హెచ్ ఎమ్యులేటర్‌లో పాత పీడీపీ-11 కంప్యూటర్ పెట్టి వెర్షన్ 7 బూట్ చేశాను. బిన్‌లో ఎంకేడిర్‌ని ఎల్ఎస్‌తో చూస్తే ఎక్స్ ఉండాల్సిన చోట ఎస్ (సెట్‌యూఐడీ గుర్తు) కనిపించింది! రూట్_ప్రాంప్ట్ అన్నా, రాత్రి నుంచి నలభై సార్లు ప్రయత్నించా, లింక్ ఇంకా సందులో పడలేదు. నైస్ ఎంత పెట్టాలి?