ఒకటే బాత్రూమ్ ఉన్న ఇంట్లో అత్తయ్యను ఎలా విడిగా ఉంచాలి?

ఇది 2021 మే, కరోనా లాక్‌డౌన్ నడుస్తున్న రోజులు. మాది దేవరకొండ. రెండు గదుల ఇల్లు, పెరట్లో ఒకటే బాత్రూమ్. మా అత్తయ్యకు 62 ఏళ్లు, షుగర్ ఉంది. నాలుగు రోజుల క్రితం కరోనా పాజిటివ్ వచ్చింది. ఆశా కార్యకర్త మందుల కిట్ ఇచ్చి వెళ్లారు. ఆక్సిజన్ 96 దగ్గర నిలకడగా ఉంది. 94 కంటే తగ్గితే ఆసుపత్రికి తీసుకెళ్లాలని తెలుసు, అందుకే పూటకోసారి చూస్తున్నాం.

నా భయమంతా బాత్రూమ్ గురించే. ఆమె వెళ్లి వచ్చాక బ్లీచింగ్ నీళ్లతో కడిగి, తలుపు తెరిచి ఉంచుతున్నాను. ఎంతసేపు ఆగి మేము వెళ్లాలి? ఆమె బట్టలు సబ్బు వేసిన వేడినీళ్లలో నానబెడితే చాలా?

ఇంకొకటి. నాలుగేళ్ల మా పాప నానమ్మ పక్కన తప్ప నిద్రపోదు. రాత్రి కిటికీ జాలీకి అరచేయి ఆనించి "నానమ్మా, కథ చెప్పు" అని ఏడ్చింది. లోపలి నుంచి అత్తయ్య దగ్గుతూనే మొదలుపెట్టింది. నేను ఆపలేకపోయాను. మాస్కు పెట్టుకుని, కిటికీకి దూరంగా కూర్చుని చెబితే ప్రమాదమా?

లాక్‌డౌన్ వల్ల ఉదయం 10 దాటితే బయటికి వెళ్లలేం. ఇలాంటి ఇంట్లో నెట్టుకొచ్చినవారు దయచేసి చెప్పండి.