కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) బంగారు గనుల గేట్లు సందర్శకులకు తెరవాలా, వద్దా?

కుప్పం కుర్రాడు:
పోయిన ఆదివారం బంగారుపేటలో రైలెక్కి మారికుప్పం దాకా వెళ్ళాం. ఛాంపియన్ రీఫ్ దగ్గర సెక్యూరిటీ వాళ్ళు ఆపేశారు. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న గని అది! 1902లోనే శివసముద్రం నుంచి కరెంటు తెప్పించుకున్న ఊరు. వాతావరణ న్యూట్రినోలను, అంటే అంతరిక్ష కిరణాలు గాలిని తాకినప్పుడు పుట్టే అతిచిన్న కణాలను, 1965లో ప్రపంచంలో మొదటిసారి రెండు గనుల్లో పట్టుకుంటే, అందులో ఒకటి ఇక్కడిదే. అలాంటి చోటికి 2001 నుంచి తాళం. జపాన్ వాళ్ళు హషిమా దీవిని తెరవలేదా? అది మిత్సుబిషి బొగ్గు గని ఊరు. 1974లో ఖాళీ అయింది, 2009 నుంచి మనుషుల్ని తీసుకెళ్తున్నారు. నేనైతే తెరవాలనే అంటాను.

ఆండర్సన్‌పేట మనవరాలు:
తమ్ముడూ, హషిమాలో ఇప్పుడు ఎవరూ ఉండరు. ఇక్కడ మూతపడింది గని. జనం ఇంకా అదే కార్మికుల ఇళ్ళ వరసల్లో, మేం లైన్లు అంటాం, అవే చిన్న గదుల్లో ఉన్నారు. మా తాత పలమనేరు వైపు నుంచి వచ్చి చేరాడు. మా వీధిలో తమిళం, తెలుగు కలిసే వినిపించేవి. ఇప్పుడు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనికి పోయి, రాత్రికి తిరిగొచ్చే వాళ్ళే ఎక్కువ.

టూరిజం అనగానే అప్పట్లో గనులు నడిపిన జాన్ టేలర్ కంపెనీ దొరల బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం చూపిస్తారు. 'లిటిల్ ఇంగ్లండ్' అని బోర్డు పెడతారు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని దగ్గుతూ పోయినవాళ్ళను, లోపల రాయి పేలి చచ్చిపోయినవాళ్ళను ఎక్కడ చూపిస్తారు? మీలాంటి పిల్లలు సైనైడ్‌తో బంగారం తీశాక పారబోసిన రాతి పొడి దిబ్బలెక్కి రీల్స్ తీసుకుంటుంటే నాకు కడుపు రగిలిపోతుంది. గాలి లేస్తే ఆ పొడి మా ఇళ్ళలోకే వస్తుంది.

రిటైర్డ్ గని ఉద్యోగి:
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. పంపులు ఆపేశాక గనుల్లోకి నీళ్ళు చేరాయి. ఎవరు తెరిచినా కిందికి దిగడం కుదరదు. ఇక మిగిలింది పైభాగం. పాత షాఫ్టుల (గనిలోకి దిగే లోతైన బావుల) చుట్టుపక్కల నేలను నమ్మలేం. షాఫ్టు మీద తుప్పు పట్టిన ఇనుప గోపురం, హెడ్‌గేర్ కింద జనాన్ని నిలబెట్టే ధైర్యం నాకైతే లేదు. హషిమాలో కూడా కంచె వేసిన దారి దాటనివ్వరు బాబూ, దీవిలో కొంత భాగమే చూపిస్తారు. ఇక్కడ ఒక్క షాఫ్టును పటిష్ఠం చేసి, దాని దాకా దారి వేస్తే చాలు. మిగతాది మూసి ఉంచడమే మంచిది.

కుప్పం కుర్రాడు:
సార్, ఒక్క షాఫ్టయినా సరే. అక్కా, దిబ్బల మీదికి మేం ఎక్కలేదు. కానీ అంతా మూసేస్తే మీ తాతల కథ బయటివాళ్ళకు ఎవరు చెబుతారు? సినిమాలో చూపించిందే నిజమనుకుంటున్నారు జనం. 2024లో కర్ణాటక మంత్రివర్గం దిబ్బల్లో మిగిలిన బంగారం తీసే ప్రతిపాదనకు సరేనంది. రేపు అవి కూడా పోతే ఇక్కడ గని ఉండేదని చెప్పడానికి ఏం మిగులుతుంది?

ఆండర్సన్‌పేట మనవరాలు:
దిబ్బలు పోతే నాకేం బాధ లేదు. తీసేటప్పుడు దుమ్ము లేవకుండా చూస్తారా అన్నదే నా భయం.

తెరవడానికి ఒప్పుకుంటాను, కానీ ఇలా అయితేనే. గైడ్లుగా పాత కార్మికులను, వాళ్ళ పిల్లలను పెట్టాలి. టికెట్ డబ్బులో వాటా లైన్లలో తాగునీటికి, మరుగుదొడ్లకు పోవాలి. బంగళా కంటే ముందు ఒక లైను ఇల్లు చూపించాలి, అదీ ఆ ఇంటివాళ్ళు సరేనంటేనే. గనుల్లో చనిపోయినవాళ్ళ పేర్లు రాతి మీద చెక్కించాలి. ఇవేవీ లేకుండా గేటు తీస్తే నేను అడ్డం నిలబడతాను.

రిటైర్డ్ గని ఉద్యోగి:
అమ్మా, పేర్ల సంగతి ముందు మొదలుపెట్టాలి. పక్కన పనిచేసి పోయినవాళ్ళ పేర్లు గుర్తున్నవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. నాకు తెలిసినవి నేను రాసిస్తాను.