ఇటాలియన్‌లో ‘ఎంతసేపు పడుతుంది?’

ప్రశ్న: సెప్టెంబరులో చదువు కోసం మిలాన్ వెళ్తున్నాను. ‘రోమ్ వెళ్లడానికి ఎంతసేపు పడుతుంది?’ అనడానికి పుస్తకంలో ‘క్వాంతో తెంపో చి వువోలే పెర్ అందారె ఆ రోమా?’ అని ఉంది. పాఠాలు చెప్పేవారు మాత్రం ‘క్వాంతో చి మెత్తె ఇల్ త్రేనో?’ అంటున్నారు. రెండూ ఒకటేనా? ఆ ‘చి’ ఏమిటండీ?

జవాబు: రెండూ సరైనవే, కర్త వేరు. ‘చి వువోలే’లో ప్రయాణికుడి ప్రసక్తే లేదు, కాలమే కర్త. అందుకే గంట అయితే ‘చి వువోలే ఉనోరా’, మూడు గంటలైతే ‘చి వోల్యోనో త్రే ఓరె’. మనం గంటకైనా మూడు గంటలకైనా ‘పడుతుంది’తోనే సరిపెడతాం కాబట్టి ఆ బహువచనం మన నోటికి ఒక పట్టాన రాదు. పుస్తకంలోని ‘తెంపో’ను మాటల్లో వదిలేయవచ్చు, ‘క్వాంతో చి వువోలే?’ చాలు. నడిచి వెళ్లాలంటే చివర ‘ఆ పియేది’ చేర్చండి.

‘చి మెత్తె’ దగ్గర లెక్క తిరగబడుతుంది. క్రియ గంటలను పట్టించుకోదు, వెళ్లేది ఎవరో చూస్తుంది: నాకైతే ‘చి మెత్తో’, నీకైతే ‘చి మెత్తి’, రైలుకైతే ‘చి మెత్తె’. మనం ‘నాకు’, ‘రైలుకు’ అని చతుర్థి వాడేచోట వాళ్లు ప్రథమ వాడతారు. రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు ఫ్రెచ్చారోస్సా అనే వేగవంతమైన రైలు సుమారు గంటన్నరలో చేరుస్తుంది. రెజొనాలె అనే ప్రాంతీయ రైలుకు అంతకు రెట్టింపు పైనే. ఏ రైలు ఎక్కాలో తేల్చుకునేటప్పుడు ‘చి మెత్తె’యే చక్కగా అతుకుతుంది. మీ పాఠాలవారు మంచి మాటే నేర్పారు.

ఇక ‘చి’. ఇక్కడ దానికి విడిగా అర్థం వెతికితే ఏమీ దొరకదు. తీసేశారా, ‘వువోలే’ ‘కోరుతాడు’ అవుతుంది, ‘మెత్తె’ ‘పెడతాడు’ అవుతుంది.

మరొక సభ్యురాలు: భూతకాలంలో ఇంకో మెలిక ఉంది. ‘నాకు రెండు గంటలు పట్టింది’ అంటే ‘చి ఒ మెస్సో దూఎ ఓరె’. అదే ‘వువోలే’తో అయితే ‘చి సోనో వొలూతె దూఎ ఓరె’. సహాయక క్రియ మారుతుంది, ‘ఓరె’ స్త్రీలింగ బహువచనం కాబట్టి ‘వొలూతె’ కూడా దాని వెంటే నడుస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ‘క్వాంతో దూరా ఇల్ వియాజ్జో?’ అని కూడా విన్నాను. ఎంత దూరమనేనా?

జవాబు: కాదు! ఆ ‘దూరా’కు మన దూరంతో చుట్టరికం లేదు. ప్రయాణం ఎంతసేపు సాగుతుందని అడగడమే. దూరం కావాలంటే ‘క్వాంతె లొంతానో?’ అనండి. రైలెక్కాక ఇంకా ఎంతసేపని పక్కవారిని అడగడానికి ‘క్వాంతో మాంకా?’ అంటారు. ‘ఉనొరెత్తా’ అని జవాబు వస్తే సుమారు గంట అనుకోండి. మాట ముద్దుగా ఉంది కదా అని గంటలోపే దిగుతామని లెక్క వేసుకోకండి.