కొన్నాక కన్సోల్‌లో మార్పులు చేసుకుంటే అది పైరసీయేనా?

మెమరీకార్డ్:
గేమ్ కన్సోల్‌లు చేసే నింటెండో 2025 మేలో అమెరికాలో వాడకందార్లతో తన ఒప్పందాన్ని మార్చి, అనుమతి లేని మార్పులు చేస్తే కన్సోల్‌ను శాశ్వతంగా పనికిరాకుండా చేయగలమని రాసుకుంది. నాకు ఇందులో తప్పేమీ కనిపించట్లేదు. ఇలా మార్పులు చేసేవాళ్ళు, అంటే మోడ్ చేసేవాళ్ళు, నూటికి తొంభై మంది ఫ్రీ గేముల కోసమే చేస్తారని నా నమ్మకం. షరతులు నచ్చకపోతే కొనడం మానేయాలి, అంతే.

రెండో కంట్రోలర్:
“కొనడం మానేయండి” అనడం తేలికే మెమరీకార్డ్ గారూ, కొన్న తర్వాత షరతులు మారిస్తే ఏం చేయాలో కూడా చెప్పండి. సోనీ కన్సోల్ ప్లేస్టేషన్ 3, అదే పీఎస్3 సంగతే తీసుకోండి. 2006లో వచ్చినప్పుడు అందులో ‘అదర్ ఓఎస్’ అని ఒక సౌకర్యం ఉండేది, హార్డ్ డిస్క్‌లో కొంత చోటు కేటాయించుకుని లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని మామూలు కంప్యూటర్‌లా వాడుకోవచ్చు, అదీ సోనీ తనంతట తాను ఇచ్చిందే. దాన్ని నమ్ముకుని అమెరికా వైమానిక దళం 1,700కు పైగా పీఎస్3లు కలిపి సూపర్ కంప్యూటరే కట్టుకుంది. 2010 ఏప్రిల్ 1న వచ్చిన 3.21 అప్‌డేట్‌తో సోనీ ఆ సౌకర్యాన్ని తీసేసింది, కారణం భద్రత అంది. అప్‌డేట్ చేయకపోతే లినక్స్ ఉంటుంది గానీ సోనీ ఆన్‌లైన్ సర్వీసు ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి పోలేరు, కొత్త గేములు ఆడలేరు. చేస్తే లినక్స్ పోతుంది. రెండూ ఉన్నాయని డబ్బు కట్టి కొన్నవాడు ఏదో ఒకటి వదులుకోవాల్సిందే.

అదే ఏడాది డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సదస్సులో ఫెయిల్ ఓవర్‌ఫ్లో బృందం అసలు లోపం బయటపెట్టింది. ఇది సోనీ ఇచ్చిందే అని కన్సోల్ గుర్తుపట్టడానికి సాఫ్ట్‌వేర్ మీద డిజిటల్ సంతకం చేసే ప్రతిసారీ కొత్త ర్యాండమ్ నంబరు వాడాలి, సోనీ మాత్రం ఎప్పుడూ ఒకే నంబరు వాడింది, దాంతో రెండు సంతకాలు చేతికొస్తే చాలు రహస్య కీని లెక్కకట్టి తీసేయొచ్చు. లినక్స్ తిరిగి తెచ్చుకోవడానికే ఇదంతా చేశామని వాళ్ళు చెప్పారు. అంతవరకూ గట్టిగా నిలబడిన రక్షణ సోనీ వాగ్దానం తప్పిన ఏడాదే కూలింది, నేనైతే ఇది కాకతాళీయం అనుకోను.

మెమరీకార్డ్:
సరే, కానీ 2011 జనవరిలో జార్జ్ హాట్జ్ అనే హ్యాకర్ పీఎస్3 రహస్య కీ బయటపెట్టాక దానితో జనం చేసిందేమిటి? దొంగ కాపీలు ఆడలేదా? గేము మీద ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకి జీతాలు ఎవరిస్తారు?

రెండో కంట్రోలర్:
ఆడారు, అది ముమ్మాటికీ దొంగతనమే. ఆ దొంగల్ని పట్టుకోండి, కాదనను. నింటెండో కన్సోల్ స్విచ్‌లో దొంగ గేములు ఆడించే పరికరాలు అమ్మిన ముఠాలో పనిచేసిన గ్యారీ బౌసర్‌కి 2022లో 40 నెలల జైలుశిక్ష పడింది, అది వ్యాపారం. తన మిషన్లో లినక్స్ వేసుకున్నవాణ్ణి కూడా అదే గాటన కట్టేయడమే నాకు మింగుడుపడట్లేదు. అమెరికా 1998 కాపీరైట్ చట్టం డీఎంసీఏలో మినహాయింపు లేకపోతే డిజిటల్ తాళం తీయడమే తప్పు. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ అలా కాదు, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణను ఛేదిస్తేనే నేరం, రెండేళ్ళ దాకా జైలు. ఈ ఒక్క విషయంలో మన చట్టమే నయం.

లినక్స్ పోగొట్టుకున్నవాళ్ళ సంగతి కూడా వినండి. వాళ్ళు 2010లో దావా వేస్తే 2018కి గానీ తేలలేదు, తలకి గరిష్ఠంగా 65 డాలర్లు. వినియోగదారుడికి న్యాయం ఎనిమిదేళ్ళు పడుతుంటే, కంపెనీకి మాత్రం ఒక్క అప్‌డేట్‌తో ఎవరి మిషన్నైనా చంపేసే అధికారం ఇవ్వమంటున్నారు మీరు. మోసం చేసినవాణ్ణి తమ ఆన్‌లైన్ సర్వీసులోంచి గెంటేయమనండి, ఆ సర్వీసు వాళ్ళది. ఇంట్లో ఉన్న పెట్టె జోలికి రావద్దంటున్నాను. మోడ్ చేసినవాడు దాన్ని అమ్మేసి వెళ్ళిపోతే, సంగతి తెలియక సెకండ్ హ్యాండ్‌లో కొన్న పిల్లాడి కన్సోల్ చచ్చిపోతే ఎవరిని అడగాలి? మీ “కొనడం మానేయండి” అతనికి ఎలా వర్తిస్తుందో చెప్పండి, ఆ తర్వాత మిగతాది మాట్లాడదాం.