రూపవిక్రియ అంటే రూపం చెడిపోవడమా?

గుంటూరు నుంచి, జంతుశాస్త్ర అధ్యాపకురాలు:
సభ్యులకు నమస్కారం. ఇంటర్ తరగతిలో 'కీటకాల రూపవిక్రియపై రేడియేషన్, హార్మోన్ల ప్రభావం' అని నల్లబల్ల మీద రాశాను. ముందు వరుసలోని అమ్మాయి లేచి, "రేడియేషన్ తగిలితే పురుగు వికారంగా తయారవుతుందనా, మేడం?" అని అడిగింది. ఆ పిల్లను తప్పుపట్టలేను. వికారం, వికృతం, వికటించడం... ఇవన్నీ మన చెవికి చెడునే వినిపిస్తున్నాయి. గొంగళి పురుగు సీతాకోకచిలుక కావడానికి ఈ పేరు తగునా? రూపాంతరం అంటే సరిపోదా?

విజయవాడ నుంచి, విశ్రాంత తెలుగు పండితుడు:
అమ్మా, బడిలో వల్లె వేసిన ప్రకృతి-వికృతులు గుర్తు చేసుకోండి. రాత్రికి వికృతి రాతిరి. అందులో చెడిపోయినదేమీ లేదు, మాట మరో రూపు దాల్చింది. పాలు పెరుగు కావడం వికారానికి శాస్త్రాల్లో పాత ఉదాహరణ. విక్రియ కూడా ఆ కుదురులోదే. రూపాంతరం అంటే 'మరొక రూపం'. అది ఫలితాన్ని చెబుతుంది గాని మారే పనిని చెప్పదు. పైగా ఆ మాటను రాళ్లకు ఇచ్చేశాం: రూపాంతర శిలలు.

గుంటూరు అధ్యాపకురాలు:
పెరుగు పోలిక ఎంతో నచ్చింది మాస్టారూ. ఒక్క తేడా ఉంది. పాలకు తోడు బయటి నుంచి వేస్తాం, పురుగుకు తోడు లోపలే ఉంటుంది. ఎక్డైసోన్ అనే హార్మోన్ 'కుబుసం విడువు' అని ఆజ్ఞ ఇస్తుంది. విడిచాక ఏ రూపం రావాలో తేల్చేది జువెనైల్ హార్మోన్, అంటే బాల్యాన్ని నిలిపి ఉంచేది. అది ఎక్కువగా ఉంటే మళ్లీ లద్దె పురుగే వస్తుంది. తగ్గితే ప్యూపా, అంటే మేత లేకుండా కదలక ఉండే మధ్య దశ; పూర్తిగా లేకపోతే రెక్కల పురుగు. 1954లో జర్మనీలో బుటెనాంట్, కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్తలు 500 కిలోల పట్టు పురుగు ప్యూపాల నుంచి తీయగలిగిన ఎక్డైసోన్ 25 మిల్లీగ్రాములే. అంత కొంచెంతో అంత పని!

బాల్యం వదలకపోతే ఏమవుతుందో 1960లలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కనబడింది. ప్రాగ్ నుంచి స్లామా అనే శాస్త్రవేత్త తెచ్చిన పైరోకోరిస్ అనే ఎర్ర పురుగులు పెద్దవి కాకుండా, మామూలుగా ఉండని ఆరో పిల్ల దశలోకి వెళ్లి చనిపోయాయి. కారణం వెతికితే, వాటి కింద పరిచిన కాగితంలో దొరికింది. ఆ కాగితం చేసిన ఫర్ చెట్టులోనే జువెనైల్ హార్మోన్ లాంటి పదార్థం ఉంది.

హిందూపురం నుంచి, పట్టు రైతు:
మేము కుబుసం విడవడాన్ని 'జ్వరం' అంటామండి. పురుగు మేత మాని, తల ఎత్తి కదలకుండా కూర్చుంటుంది. నాలుగు జ్వరాలు దాటాకే గూడు కడుతుంది. మీ పుస్తకాల్లో ఏమంటారు?

గుంటూరు అధ్యాపకురాలు:
'నిర్మోచనం' అంటామండి. మీ మాటకున్న ప్రాణం దానికి లేదు. రేపటి నుంచి పిల్లలకు రెండూ చెబుతాను.

ఇక రేడియేషన్. మా అమ్మాయి ప్రశ్నలో నిజం ఉంది. విభజన చెందుతున్న కణాలకే దాని దెబ్బ ఎక్కువ. ప్యూపా తొలిరోజుల్లో తగిలితే రెక్కలు ముడుచుకుపోతాయి, ఒక్కోసారి పురుగు బయటికే రాదు. అది విక్రియ కాదు, మనం వాడుకలో అనే వికృతే. రూపం సిద్ధమైపోయిన చివరి రోజుల్లో తగిన మోతాదు ఇస్తే ఒళ్లు చెక్కు చెదరదు, బీజకణాలు మాత్రం దెబ్బతింటాయి. పురుగు ఎగురుతుంది, జతకడుతుంది, సంతానం ఉండదు. పొగాకు నిల్వలను తినే పెంకు పురుగు మీద ఎక్స్ కిరణాలతో 1916లోనే రన్నర్ అనే శాస్త్రవేత్త ఈ వంధ్యత్వాన్ని చూశాడు. మన పత్తి రైతును ఏడిపిస్తున్న గులాబి రంగు పురుగును తమ పత్తి పొలాల నుంచి నిర్మూలించామని 2018లో అమెరికా ప్రకటించింది. బీటీ పత్తితో పాటు ఇలా వంధ్యం చేసిన రెక్కల పురుగులను వదలడం అందులో పెద్ద భాగం.

విజయవాడ పండితుడు:
అయితే నల్లబల్ల మీద మీరు రాసిన వాక్యాన్నే విడగొట్టండమ్మా. 'పై', 'ప్రభావం' అన్నవే పిల్లను తికమక పెట్టాయి. హార్మోన్ల వల్ల రూపవిక్రియ జరుగుతుంది, రేడియేషన్ వల్ల చెడుతుంది. రెండు క్రియలు, రెండు వాక్యాలు.

గుంటూరు అధ్యాపకురాలు:
రేపు మొదటి పీరియడ్‌లో అలాగే రాస్తాను మాస్టారూ. ఆ అమ్మాయి చేతనే చదివిస్తాను.