మూడు గంటల్లో మ్యాథ్స్, సైన్స్ టీచర్లకు స్టెమ్ శిక్షణ: ఏం చేయించాలి?

కాంప్లెక్స్_ఆర్పీ:
స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో మధ్యాహ్నం మూడు గంటలు దొరికాయి. హైస్కూల్ టీచర్లు 24 మంది, సగం మ్యాథ్స్, సగం ఫిజికల్ సైన్స్. అటల్ ల్యాబ్ (స్కూళ్లలో ఉండే టింకరింగ్ ల్యాబ్) నుంచి 6 ఆర్డ్యునో కిట్లు (సెన్సర్లు తగిలించి కోడ్ రాసుకునే చిన్న బోర్డులు) తెచ్చుకోవచ్చు. పీపీటీ చూపించి, సంతకాలు పెట్టించుకుని పంపేయడం నాకిష్టం లేదు. మర్నాడే క్లాసులో పనికొచ్చేది ఏదైనా చెప్పండి.

ధ్వని_తరంగం:
సార్, ముందు కిట్ల జోలికి పోకండి, ఫోన్లు చాలు. శబ్ద వేగం కొలిపించండి. ఫోన్ సెన్సర్లతో ప్రయోగాలు చేయించే ఫైఫాక్స్ యాప్ ముందురోజే ఎక్కించుకుని రమ్మనండి. అందులో లోలకం వద్దు, దానికి జైరోస్కోప్ (ఫోన్ తిరగడాన్ని కొలిచే సెన్సర్) కావాలి, చాలా చవక ఫోన్లలో అది ఉండదు. అకౌస్టిక్ స్టాప్‌వాచ్‌కి మైకుంటే చాలు, అది చప్పుడుకి మొదలై చప్పుడుకి ఆగుతుంది.

గ్రౌండులో రెండు ఫోన్లు 5 మీటర్ల దూరంలో పెట్టి రెండింట్లోనూ స్టాప్‌వాచ్ ఆన్ చేయండి. మొదటి ఫోన్ దగ్గరున్నాయన చప్పట్లు కొడితే రెండూ మొదలవుతాయి. రెండో ఫోన్ దగ్గరున్నాయన కొడితే రెండూ ఆగుతాయి. మొదటి చప్పట్లు రెండో ఫోన్‌కి, రెండో చప్పట్లు మొదటి ఫోన్‌కి 5 మీటర్లు పోయి ఆలస్యంగా చేరతాయి కాబట్టి, రెండు రీడింగుల తేడా, శబ్దం 10 మీటర్లు పోవడానికి పట్టిన కాలం. 30 డిగ్రీల ఎండలో సుమారు 28.6 మిల్లీసెకన్లు రావాలి. నిలబడేది ఫోన్‌కి వెనకాల, రెండు ఫోన్లనూ కలిపే గీత మీదే. మధ్యలోకి జరిగి కొడితే తేడా తగ్గి వేగం ఎక్కువొస్తుంది. క్లాస్‌రూమ్‌లో అయితే ఫ్యాను చప్పుడుకే స్టాప్‌వాచ్ మొదలైపోతుంది, థ్రెషోల్డ్ (ఎంత చప్పుడుకి మొదలవ్వాలనే హద్దు) పెంచుకోవాలి.

కాంప్లెక్స్_ఆర్పీ:
బాగుంది సార్. మరి మ్యాథ్స్ వాళ్లు చూస్తూ కూర్చోవాలా?

రేఖాగణితం:
అసలు పని వాళ్లదే. 1 నుంచి 5 మీటర్ల దాకా మీటరు చొప్పున రీడింగులు తీయించి, జియోజెబ్రా అనే గ్రాఫుల సాఫ్ట్‌వేర్ స్ప్రెడ్‌షీట్‌లో వేయించి ఫిట్‌లైన్ (పాయింట్లకు దగ్గరగా పోయే సరళరేఖ) కమాండ్ ఇవ్వమనండి. దూరం ఎక్స్ అక్షం మీద ఉంటే వాలు మీటరుకు 5.7 మిల్లీసెకన్లు. 2ని దాన్తో భాగిస్తే వేగం. మీటరు దగ్గర పాయింటు ఎటో పోతుంది, తేడా అంత చిన్నది మరి. గీత మూలబిందువు గుండా పోకపోతే టేపు మైకు నుంచి మైకుకి కాక ఫోన్ అంచుల నుంచి పట్టారేమో చూడండి. ఇద్దరు మ్యాథ్స్, ఇద్దరు సైన్స్ చొప్పున ఆరు జట్లు చేయండి. విడివిడిగా కూర్చోబెడితే మాత్రం సైన్స్ వాళ్లు కొలుస్తారు, మ్యాథ్స్ వాళ్లు టీ తాగుతారు.

ల్యాబ్_ఇన్‌చార్జ్:
ఆర్డ్యునో చివరి గంటకి పెట్టుకోండి, హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్ ఒక్కటే. అది శబ్దం పంపి, ప్రతిధ్వని తిరిగొచ్చే కాలాన్ని బట్టి దూరం చెబుతుంది. నెట్‌లో దొరికే కోడ్‌లో శబ్ద వేగం మైక్రోసెకనుకు 0.034 సెం.మీ. అని రాసి ఉంటుంది. 40 డిగ్రీల్లో అది 0.0355. మార్చకపోతే మీటరు దూరాన్ని 96 సెం.మీ. అని చూపిస్తుంది. ముందు తప్పు రీడింగే రానివ్వండి, అప్పుడే తీసిన వేగం పెట్టి వాళ్లచేతే సరిచేయించండి. ఎదురుగా అట్ట నిటారుగా ఉండాలి, కర్టెన్ అయితే ప్రతిధ్వని సరిగా రాదు.

చవక ఆర్డ్యునో బోర్డులకు సీహెచ్340 డ్రైవర్ (వాటి యూఎస్‌బీ చిప్‌కి కావాల్సిన సాఫ్ట్‌వేర్) ల్యాప్‌టాప్‌లో ముందే వేసుకోండి, లేకపోతే పోర్టే కనబడదు. డ్రైవర్ ఉన్నా కనబడకపోతే కేబుల్ మార్చండి, అది ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే రకం కావచ్చు.