సీజర్ లాటిన్‌లో ‘సిగ్నా’ ప్రయోగం గురించి సహాయం కావాలి

నమస్కారం. గాలిక్ యుద్ధాల గురించి జూలియస్ సీజర్ రాసిన గ్రంథాన్ని లాటిన్‌లోనే చదువుతున్నాను. శిక్షణ పొందిన సైన్యాన్ని ఎగ్జెర్కిటుస్ అనీ, అది దారిన సాగుతుంటే ఆగ్మెన్ అనీ, పోరుకు బారులు తీరితే ఆకియెస్ అనీ అంటారని తేలికగానే బోధపడింది. చిక్కంతా ధ్వజాలను సూచించే ‘సిగ్నా’ దగ్గరే వచ్చింది.

క్రీ.పూ. 58లో బిబ్రాక్టె దగ్గర హెల్వెటీ తెగవారితో రోమన్ల పోరు సాగుతుండగా బోయీ, తులింగీ తెగలు పక్కనుంచి మీదపడ్డాయి. అప్పుడు రోమన్లు ధ్వజాలను తిప్పి రెండు వైపులా దాడి చేశారనీ, మొదటి రెండు వరుసలు పాత శత్రువును, మూడవ వరుస కొత్తగా వచ్చినవారిని ఎదుర్కొన్నాయనీ సీజర్ ఒక్క వాక్యంలో చెప్పేశారు. ఎంత బిగువైన వాక్యమో!

ఇక్కడ ధ్వజధారులు నిజంగానే దిశ మార్చి నడవగా కోహోర్టులు (రోమన్ సైన్యంలోని దళాలు) వారిని అనుసరించాయని అర్థం చేసుకోవాలా, లేక అది దిశ మార్చడాన్ని తెలిపే సైనిక నుడికారం మాత్రమేనా? తెలిసినవారు అదే గ్రంథంలోని ఇతర సందర్భాలను చూపి వివరించగలరని కోరుతున్నాను.